డ్రైవరు సీట్లో బరువు

అల్లుడు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపేసరికి మేస్త్రి కార్ల కింద పనిచేసే గుంతలో ఉన్నాడు. తలెత్తి చూస్తే ముందు చక్రాలు కనిపించాయి, తరవాత ఇస్త్రీ మడత నలగని ప్యాంటు కనిపించింది. ఇంకెవరైనా అయితే "కాసేపు కూర్చోండి" అని గుంతలోంచే కేకేసేవాడు. కూతురి మొగుణ్ణి అలా అనడానికి నోరు రాదు. పానా పక్కన పెట్టి, మెట్లెక్కి పైకొచ్చి, చేతులు తుడుచుకుంటూ "రండి బాబూ, రండి" అన్నాడు. అలా అన్నందుకు తన మీద తనకే కాస్త చిరాకు వేసింది.

ముప్పై రెండేళ్లుగా అతను చేసేది ఒకటే పని. కార్ల కింద స్ప్రింగులు, వాటి ఊపుని అణిచే షాకులు మార్చడం. ఇంజిను జోలికి పోడు. "పరిగెత్తించేవాళ్లు వేరే ఉన్నారు, నేను నిలబెట్టేవాణ్ణి" అంటాడు. మనిషి మాట కరుకు, చెయ్యి మెత్తన. కారు మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి ఒక్కసారి అదిమి వదిలితే చాలు, కింద ఏముందో, అది ఎన్నాళ్లుంటుందో చెప్పేస్తాడు. అదిమి వదిలిన కారు ఒకసారి లేచి కూర్చోవాలి. రెండోసారి కూడా లేచిందంటే షాకు పని అయిపోయినట్టే.

అల్లుడి కారు మామూలు కారు కాదు. అసలే పెద్ద ఇంజిను, దానికి ఎవడో టర్బో కూడా తగిలించాడు. ఆగి ఉన్నప్పుడు కూడా బానెట్ కింద ఏదో గుర్రుమంటూ ఉంటుంది. పెళ్లయిన రెండో ఏడు అల్లుడు దాన్ని కొన్నాడని తెలిసినప్పుడు మేస్త్రి భార్యతో "ఆఫీసులో ఫైళ్లు సర్దుకునేవాడికి ఈ సరదా ఏమిటే" అన్నాడు. భార్య వంటింట్లో ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయింది.

"షాకులూ స్ప్రింగులూ మార్పించాలి మామయ్యా" అన్నాడు అల్లుడు. "గట్టివి వేయించాలి. మీ దగ్గరున్న వాటిల్లో బాగా గట్టివి."

"ఎందుకు బాబూ? ఉన్నవి బాగానే ఉన్నాయిగా."

"మలుపుల్లో ఊగుతోంది."

మేస్త్రి వంగి ముందు టైరు చూశాడు. బయటి అంచు ఆకురాయి పెట్టి రుద్దినట్టు అరిగి ఉంది. రెండో వైపూ అంతే. పద్ధతిగా ఆఫీసుకి వెళ్లొచ్చే కారు టైరు ఇలా అరగదు. అరిగిన చోట వేలుతో రాస్తూ, గొంతు పెరగకుండా చూసుకుంటూ అన్నాడు:

"ఊగకేం చేస్తుంది? ఈ టైర్లు చూస్తే నాకు తెలీదా? మీరు చదువుకున్నవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాదు. కానీ పక్కన మా పిల్ల కూర్చుంటుంది బాబూ. అది గుర్తుపెట్టుకుని నడపండి."

అల్లుడు ఏదో అనబోయి ఆగిపోయాడు. మెడ నిమురుకున్నాడు. పొడుగాటి మనిషి, షెడ్డు గుమ్మంలో తల వంచి నిలబడటం అలవాటు. ఆ వంచిన తల ఎత్తకుండానే "సరే మామయ్యా" అన్నాడు.

"సరే అంటే కాదు. అంత స్పీడు వద్దు."

"వద్దనే అంటాను నేనూ."

ఆ మాట మేస్త్రికి వింతగా వినిపించింది, కానీ అప్పటికి కోపంలో ఉన్నాడు కనక పట్టించుకోలేదు. తాళాలు తీసుకున్నాడు. అల్లుడు మెయిన్ రోడ్డు దాకా నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కాడు.

కారుని గుంత మీదికి ఎక్కించడానికి తలుపు తీసినప్పుడు మేస్త్రికి వెనక సీటు మీద ఒక దిండు కనిపించింది. పలచటి చదరం దిండు, ఆకుపచ్చ గళ్ల గుడ్డ. ఆ కుట్టు అతనికి తెలుసు. భార్య చేతి కుట్టు. దిండు మధ్యలో నడుము ఆని ఆని పడిన గుంట ఉంది.

అతను దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. పిల్లకి నడుము నొప్పన్నమాట. ఈ కారులో కూర్చుని, ఈ గతుకుల రోడ్ల మీద, వీడి తిరుగుళ్లకి నడుము పట్టేసి, తల్లిచేత దిండు కుట్టించుకుంది. తల్లికి చెప్పుకుంది కానీ తండ్రికి చెప్పలేదు. చెబితే అల్లుడితో ఎక్కడ మాటా మాటా వస్తుందోనని భయపడి ఉంటుంది. ఇంకా గట్టి స్ప్రింగులు కావాలట! కడుపు మండిపోయింది. కానీ మండితే మాత్రం ఏం చేస్తాడు? అల్లుడికి స్ప్రింగులు వెయ్యనని చెప్పి పంపించేస్తే ఇంకో షెడ్డుకి పోతాడు, అక్కడ వాడెవడో అడిగినవి అడిగినట్టు బిగించి పంపిస్తాడు.

దిండు దులిపి, ఉన్న చోటే పెట్టాడు.

*

మర్నాడు పొద్దున్నే మూడు రకాల స్ప్రింగులు బల్ల మీద వరసగా నిలబెట్టాడు. నల్లవి కారుతో వచ్చిన రకం. నీలం రంగువి వాటికంటే ఒక మెట్టు గట్టివి. ఎర్రవి పందేల బాపతు, రెండు చేతులతో అదిమినా వెంట్రుకవాసి కదలవు. షాకులు మాత్రం ఒకటే రకం, కొత్తవి, పైన చిన్న గుండీ ఉన్నవి. గుండీని ఒక్కొక్క క్లిక్కూ తిప్పుతూ పోతే షాకు గట్టిపడుతుంది, వెనక్కి తిప్పితే మెత్తబడుతుంది.

పక్క షెడ్డులో చక్రాల అలైన్‌మెంటు చేసే స్నేహితుడు గ్లాసుతో టీ పట్టుకుని వచ్చాడు. ఆయన్ని అందరూ రసమట్టం అంటారు. జేబులో ఎప్పుడూ, మట్టం చూసే బుడగ గొట్టం, ఒక చిన్న రసమట్టం ఉంటుంది. బల్ల మీదా, గుమ్మం మీదా, ఆఖరికి పెళ్లి చూపులకి వెళ్లిన ఇంట్లో టీపాయి మీదా అది పెట్టి చూశాడని, ఆ సంబంధం అందుకే తప్పిపోయిందని చెప్పుకుంటారు.

"ఏవి వేస్తున్నావు?"

"ఎర్రవి అడిగాడు. నీలం వేస్తున్నా."

"అడిగినవాడికి తెలీదా?"

"వాడికి స్ప్రింగుకీ, మంచం కోడుకీ తేడా తెలీదు. ఇవే గట్టివంటే నమ్ముతాడు."

"అబద్ధమాడతావన్నమాట. ముప్పై ఏళ్లలో మొదటిసారి."

"ఆడతాను. నా కూతురి నడుము కోసం ఆడతాను, నీకేం?"

రసమట్టం టీ తాగుతూ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. "ఇంత బలమున్న బండికి మెత్తగా వేస్తే మలుపులో వెనక తేలుతుందేమో చూసుకో" అన్నాడు.

"తేలనీ. తేలితే భయపడి నెమ్మదిగా పోతాడు."

తన తెలివికి మేస్త్రికి కాస్త గర్వం కూడా కలిగింది. ఎర్రవి తీసి బల్ల కిందికి తోశాడు.

పాతవి విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. తుప్పు పట్టిన బోల్టులకి నూనె పోసి, నానబెట్టి, పానా తగిలించి, దాని మీద మోకాలు పెట్టి తొక్కితే ఒక్కొక్కటీ కిర్రుమని వదిలింది. కొత్త షాకుకి నీలం స్ప్రింగు తొడిగి, పైన టోపీ బిగించి, చక్రం పక్కన దాని చోట్లో నిలబెట్టాడు. ఎత్తు సరిచేసే మరలు నాలుగు మూలలా సమానంగా తిప్పాడు. షాకుల గుండీలు మెత్తటి వైపే ఉంచాడు.

భోజనం డబ్బా తెచ్చిన భార్య గుంత అంచున నిలబడి చూసింది.

"ఏవి వేస్తున్నారు?"

"నీకెందుకు అవన్నీ?"

"గట్టివే వెయ్యండి. అడిగినవే వెయ్యండి."

మేస్త్రికి ఒళ్లు మండింది. "దిండ్లు కుట్టిచ్చేది నువ్వు, గట్టివి వెయ్యమనేదీ నువ్వేనా? బుద్ధుందా?"

దిండు మాట వినగానే ఆమె మొహంలో రంగు మారింది. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. "అన్నం చల్లారిపోతుంది" అని మాత్రం అంది.

చివరి పని ఇసుక బస్తాలది. అది చెయ్యకుండా మేస్త్రి ఏ కారునీ బయటికి పంపడు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే లోపలి రబ్బరు బుష్షులు మెలిపడి ఆర్నెల్లలో చిరిగిపోతాయి. కారు తన కాళ్ల మీద తాను నిలబడి, లోపల నడిపే మనిషి బరువు కూడా ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. అందుకని పది కిలోలవి గుడ్డ సంచులు కుట్టించి పెట్టుకున్నాడు. అల్లుడు ఎనభైకి తక్కువుండడు. ఎనిమిది సంచులు మోసి డ్రైవరు సీట్లో పేర్చి, బెల్టు కూడా పెట్టాడు. ఆ బరువుకి ఆ మూల కాస్త కుంగితే మర తిప్పి పైకి లేపాడు. రసమట్టాన్ని పిలిచాడు. ఆయన ముందూ వెనకా మట్టం పెట్టి చూసి, బుడగ మధ్యలోకి వచ్చాక తల ఊపాడు.

అప్పుడు గుంతలోకి దిగి ఎనిమిది బోల్టులూ బిగించాడు. పైకొచ్చి మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి అదిమి వదిలాడు. కారు మెత్తగా లేచింది, కూర్చుంది, కూర్చుంటూ ఒక్కరవ్వ మళ్లీ కదిలింది. ఇంకో కారైతే ఒప్పుకునేవాడు కాదు. పిల్ల నడుముకి ఇదే హాయి అనుకున్నాడు.

సాయంత్రం అల్లుడు వచ్చి తాళాలు తీసుకున్నాడు.

"గట్టివేనా మామయ్యా?"

"ఇంతకంటే గట్టివి లేవు బాబూ."

అల్లుడు ఊపిరి పీల్చుకున్నాడు. మనిషి మొహం తేటపడింది. "చాలా థాంక్స్ మామయ్యా, నాకు పెద్ద బరువు దించారు" అన్నాడు. ఆ మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. అయినా నవ్వుతూ చెయ్యి ఊపాడు.

*

రెండు రోజుల తరవాత పొద్దున్న షట్టరు ఎత్తుతుంటే వెనక ఆ ఇంజిను చప్పుడు వినిపించింది. తిరిగి చూశాడు. కారులో అల్లుడు లేడు. డ్రైవరు సీట్లో కూతురు. సీటు బాగా ముందుకి జరిపి ఉంది. వీపు వెనక ఆకుపచ్చ గళ్ల దిండు ఉంది.

ఆమె దిగింది. ఆఫీసు చీరలో ఉంది, పిన్నులు పెట్టి కొంగు సర్దుకుని ఉంది. కాళ్లకి చెప్పులు లేవు. ముందు చక్రం దగ్గర కూర్చుని ఫోను లైటు వేసి లోపలికి చూసింది.

"నీలం వేశావా నాన్నా?"

మేస్త్రి షట్టరు సగంలోనే వదిలి దగ్గరికొచ్చాడు.

"ఎర్రవి కదా గట్టివి. ఆయనకి తెలీదు కానీ నాకు తెలీదా?" కోపంగా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టు అంది. "ఎక్కు. ఒకటి చూపిస్తాను."

"నువ్వు... నువ్వా నడిపేది?"

"ఎక్కు నాన్నా. మళ్లీ ఆఫీసుకి టైమవుతుంది."

గోదాములు దాటాక బైపాసు వస్తుంది. ఆ వేళప్పుడు అక్కడ లారీలు కూడా తక్కువ. మేస్త్రి బెల్టు పెట్టుకుని, తలుపు మీది పిడి పట్టుకున్నాడు. కూతురు గేరు మార్చింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. మైలురాళ్ల మీది అంకెలు చదవడానికి వీలు లేకుండా పోయింది. అతను ఇన్నేళ్లలో ఎన్నో కార్లు నడిపి చూశాడు, ఇలా ఎవరి పక్కనా కూర్చోలేదు. "మెల్లగా" అందామనుకున్నాడు. పిడిని రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు.

"ఇప్పుడు మలుపొస్తుంది. మధ్యలో కల్వర్టు అతుకుంది. చూడు."

మలుపు వచ్చింది. కారు ఒరిగింది. చక్రాలు అతుకు మీద ఎగిరాయి. వెనక భాగం లేచింది.

"ఒకటి" అంది కూతురు.

మళ్లీ లేచింది. ఈసారి లేస్తూ పక్కకి జరిగింది. రోడ్డు అంచున గడ్డి కిటికీ దాకా వచ్చేసినట్టు అనిపించింది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

"రెండు" అంది. స్టీరింగుని ఒక్క వేలెడు అటు, ఒక్క వేలెడు ఇటు తిప్పి కారుని దారిలోకి తెచ్చేసింది. "ఒక్కసారే లేవాలి కదా? అరచెయ్యి పెట్టి చూసుకోలేదా నాన్నా? ఇంకోటి కూడా ఉంది. ఎడమ మలుపులో ఒకలా తిరుగుతోంది, కుడి మలుపులో ఒకలా తిరుగుతోంది. నా వైపు మూల లేచిపోయి ఉంది."

మేస్త్రి కళ్లు తెరిచాడు. ఎనిమిది సంచులు గుర్తొచ్చాయి. తన కూతురు యాభై కిలోలు కూడా ఉండదు. అక్కడ ఉండని ముప్పై కిలోల బరువుకి ఆ మూల లేపి, బిగించి, రసమట్టం పెట్టి మరీ చూసి, కారుని ఆమె చేతికిచ్చాడు. అల్లుడు భయపడి నెమ్మదిగా పోతాడని మెత్తటి స్ప్రింగులు వేసింది ఆమె కిందే. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

కూతురు కారు రోడ్డు పక్కకి తీసి ఆపింది.

"నడుము నొప్పి కాదా?" అన్నాడు మేస్త్రి.

"ఏం నడుము?"

"దిండు."

"అదా? అది లేకపోతే కాలు క్లచ్చుకి అందదు. అమ్మ కుట్టింది."

"రోజూ వస్తావా ఇక్కడికి?"

"రోజూ కాదు. వారంలో నాలుగు రోజులు. అరగంట."

"ఎందుకమ్మా?" ఆ అడగడంలో తిట్టు లేదు, బతిమాలడం ఉంది. అది అతనికే వినిపించింది.

ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకి చూసింది. "ఏం చెప్పను? రోజంతా ఆ పింఛన్ల కౌంటర్లో కూర్చుంటాను. మొగుడు పోయినావిడ వస్తుంది, కాలు పోయినాయన వస్తాడు. ఫలానా కాగితం లేదు, ఫలానా సంతకం లేదు, నా చేతుల్లో ఏమీ లేదండీ అని చెబుతాను. పొద్దున్న పదింటి నుంచి అదే మాట. ఇక్కడ ఈ అరగంట నా చేతుల్లో ఏదో ఉంటుంది నాన్నా. అంతే. ఇంకేం లేదు."

మేస్త్రి ఆమె మొహం వైపు చూశాడు. స్ప్రింగు చప్పుడు వింటున్నప్పుడు తన మొహం ఇలాగే ఉంటుందని రసమట్టం చాలాసార్లు ఎగతాళి చేశాడు. ఈ పిల్లకి అది తన దగ్గర్నుంచే వచ్చింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

"ఎర్రవి వెయ్యను" అన్నాడు. "వేస్తే ఇంకా తొక్కుతావు. నేను వెయ్యను."

"సరే. వద్దులే. ఇవే ఉంచు. నీ ఇష్టం."

బెదిరింపు కాదది. రేపు పొద్దున్న ఇవే స్ప్రింగులతో, ఇదే మలుపులోకి, ఇదే వేగంతో వస్తుంది. ఈ పిల్లని ఆపే స్ప్రింగు ఏ కంపెనీవాడూ ఇంతవరకూ తయారు చెయ్యలేదు.

"రేపు ఇక్కడికి రాకు" అన్నాడు. "ఇవాళ సాయంత్రం కారు షెడ్డుకి తీసుకురా. ఈలోగా ఎక్కడా తొక్కకు. నా మీద ఒట్టు."

"వస్తాలే" అని నవ్వింది. ఒట్టు మాత్రం వెయ్యలేదు.

*

మధ్యాహ్నం అల్లుడు వచ్చాడు. ఆఫీసులో చెప్పి వచ్చినట్టున్నాడు, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది. పాత టైరు ఒకటి లాగి దాని మీద కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"మీకు తెలిసిపోయిందటగా మామయ్యా."

మేస్త్రి బల్ల మీద ఎర్ర స్ప్రింగులూ నీలం స్ప్రింగులూ పక్కపక్కన పెట్టుకుని ఉన్నాడు. "మొన్ననే చెప్పొచ్చు కదా బాబూ."

"చెప్పొద్దంది. చెప్తే మీరు నిద్రపోరంది." అల్లుడు కార్డు తాడుని వేలికి చుట్టుకున్నాడు. "కిందటి నెల ఒకరోజు ఆ మలుపులో కారు తిరిగిపోయింది. పూర్తిగా, వచ్చినవైపుకి. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఇంటికొచ్చి, టిఫిన్ తిని, ఆఫీసుకెళ్లింది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆపమంటే నవ్వుతుంది. అరిచాను ఒకసారి. నా అరుపుకి నాకే నవ్వొచ్చింది. పోనీ కారైనా నేలని వదలకుండా ఉంటుందని గట్టివి అడిగాను."

మేస్త్రి తల వంచుకున్నాడు. "నేను మిమ్మల్ని తిట్టాను."

"తిట్టండి. మీరు తిడుతుంటే కాస్త హాయిగా అనిపించింది మామయ్యా. ఎవరో ఒకరు ఆ మాటలు గట్టిగా అంటున్నారు కదా అని."

రసమట్టం గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏ జోకూ వెయ్యకుండా వెనక్కి వెళ్లిపోయాడు. ఆయన అలా వెళ్లడం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు.

భార్య డబ్బా పట్టుకుని వచ్చినప్పుడు మేస్త్రి ఒకటే అడిగాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"దిండు కుట్టినప్పట్నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు?"

తాళాలు లాక్కునేవాడా? అల్లుడి చేత కారు అమ్మించేవాడా? పిల్ల ఇంకో కారు చూసుకునేది, దాని కింద ఏ స్ప్రింగులున్నాయో కూడా తెలిసేది కాదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. భార్య మంచినీళ్లు పోసి గ్లాసు దగ్గరికి జరిపింది.

సాయంత్రం ఎండ ఉండగానే కూతురు వచ్చింది. వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, బల్ల దగ్గర నిలబడింది.

"నాలుగూ ఎర్రవే వెయ్యి నాన్నా."

"నాలుగూ వెయ్యకూడదు. నీ కారుకి తోపంతా వెనక చక్రాలదే. అక్కడ ఎర్రవి వేస్తే నువ్వు తొక్కినప్పుడు చక్రం గతుకు మీద గెంతుతుంది. గెంతిన చక్రానికి పట్టుండదు."

"మరి వెనక తేలుతోందిగా."

"తేలింది స్ప్రింగు వల్ల కాదు, షాకు వల్ల. గుండీ నేనే మెత్తగా పెట్టాను." ఆ మాట అనడానికి కష్టపడ్డాడు. "వెనక నీలమే ఉంచి, షాకు ఆరు క్లిక్కులు బిగిస్తాను. ముందు ఎర్రవి వేస్తాను."

ఆమె ఆలోచించింది. వేళ్లతో గాల్లో మలుపు గీసింది. "అప్పుడు ముందే జారుతుంది కదా? లోపలికి తిరగనని మొరాయిస్తుంది."

"మొరాయిస్తుంది. హద్దు దాటబోయే ముందు స్టీరింగులో నీకు తెలుస్తుంది. వెనక్కి మాత్రం తిరిగిపోదు."

"అంటే నన్ను ఆపుతున్నావన్నమాట."

"ఆపడం నా వల్ల కాదు" అన్నాడు మేస్త్రి. "ముందుగా చెప్పేలా చెయ్యగలను. అంతే."

కూతురు అతని వైపు చూసింది. ఈసారి నవ్వలేదు. "సరే" అంది.

రెండు గంటల పని. అల్లుడు దీపం పట్టుకున్నాడు. పట్టుకోమని ఎవరూ అడగలేదు. ఊరికే నిలబడలేక పట్టుకున్నాడు, ఎక్కడ చూపించాలో తెలియక కాసేపు మేస్త్రి మొహంలోకే పట్టాడు. ముందు ఎర్రవి ఎక్కాయి. వెనక గుండీలు ఒక్కొక్క క్లిక్కూ లెక్కపెట్టి తిప్పాడు. ఆరో క్లిక్కు దగ్గర ఆగి, మడ్‌గార్డు అదిమి చూసి, ఇంకొకటి తిప్పాడు.

డ్రైవరు సీట్లో ఎనిమిది సంచులు పేర్చడానికి అల్లుడు ఒకటి ఎత్తాడు.

"వద్దు బాబూ, అక్కడ పెట్టెయ్యండి" అన్నాడు మేస్త్రి. కూతురి వైపు తిరిగాడు. "నువ్వు కూర్చో. దిండు పెట్టుకునే కూర్చో. కదిలితే బుడగ కదులుతుంది."

ఆమె ఎక్కి కూర్చుంది. బెల్టు పెట్టుకుని, చేతులు స్టీరింగు మీద ఉంచింది. రసమట్టం వచ్చి ముందొకసారి, వెనకొకసారి మట్టం పెట్టాడు. ఆ మూల మర మూడు చుట్లు కిందికి తిప్పాల్సి వచ్చింది. బుడగ మధ్యకి వచ్చి నిలబడింది.

మేస్త్రి గుంతలోకి దిగాడు. పైన కారు, కారులో తన కూతురు, కదలకుండా. ముందు వైపు మొదటి బోల్టుకి పానా తగిలించాడు. మామూలుగా ఎనిమిది బోల్టులకీ కలిపి పది నిమిషాలు కూడా పట్టదు. ఈసారి ఒక్కొక్క దాన్నీ తుడిచాడు. దారాలు వేలితో తడిమి చూశాడు. బిగించి, వదిలి, మళ్లీ బిగించాడు. పైన బాడీ మీద ఆమె ఊపిరి తీసుకున్నా తెలుస్తున్నట్టే అనిపించింది. బయట వెలుతురు తగ్గుతూ వచ్చింది.

"అయిందా నాన్నా?" పైనుంచి గొంతు వినిపించింది.

ఎనిమిదో బోల్టు బిగించి అప్పటికే చాలాసేపయింది.

"ఇంకొకటుంది" అన్నాడు మేస్త్రి. "కదలకు."

"కదలట్లేదు" అంది కూతురు.

అతను పానా ఒళ్లో పెట్టుకుని, గుంత గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.